మారేడుకాయ మొగుడు

భూమి కదిలింది. భక్తపూర్‌లో దానికి ఆశ్చర్యపోవడం మానేసి చాలా కాలమైంది. పరిగెత్తడం మాత్రం ఎవరూ మానలేదు.

రష్మిల తన చేతిలోని గరిటె అక్కడే వదిలేసి వీధిలోకి దూకింది. అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న వాళ్ళ నాయనమ్మ, అజి, చేటతో సహా లేచి వచ్చింది. ఎదురింటివాళ్ళు, పక్క కొట్లో కుట్టుమిషను ఆయన, అందరూ బయటే. వాళ్ళ పెరుగు కొట్లో మాత్రం ఒకడు మిగిలిపోయాడు.

గోడవారన, బస్తా అంత బ్యాగు పక్కన పెట్టుకుని, ఒక విదేశీ కుర్రాడు నింపాదిగా పెరుగు తింటున్నాడు.

"ఏయ్! బయటికి రా!"

వాడు చెంచా పైకెత్తి, ఒక్క నిమిషం ఆగమన్నట్టు చూపించాడు.

రష్మిలకు ఒళ్ళు మండింది. లోపలికి దూసుకెళ్ళి బ్యాగు పట్టీ పట్టుకుని బలంగా లాగింది. వాడు ఆ పట్టీలో చెయ్యి దూర్చి కూర్చున్నాడేమో, బ్యాగుతో పాటు వాడూ వచ్చాడు. ఇద్దరూ వీధిలో పడేసరికి భూమి సద్దుమణిగింది.

"చిన్నదే అక్కా," అన్నాడు వాడు, వచ్చీరాని నేపాలీలో. "మా చిలీలో ఇంతమాత్రానికి చేతిలో గ్లాసు కూడా కింద పెట్టరు."

"మీ ఇళ్ళు ఇనుముతో కట్టుంటారు. మావి మట్టివి. నువ్వు పోతే పోతావు, ఆ పెరుగు పిడత మాది."

"అంటే పిడత కోసమా నన్ను లాగింది?"

"కాదు, నీ అందం చూసి. ఇంకో మాట, నేను నీకు అక్కను కాను. నీకంటే చిన్నదాన్నే."

అజి పళ్ళు లేని నోటితో నవ్వి మళ్ళీ వెల్లుల్లి ముందు కూర్చుంది.

వాడి పేరు లౌతారో. నేపాల్‌కు వచ్చి చాలా నెలలైంది. గోర్ఖా కొండల్లో ఒక బడి కట్టడానికి సాయం చేసి, అక్కడే ఈ భాష నేర్చుకుని, అప్పటినుంచీ ఊరూరా తిరుగుతున్నాడు. కొట్లో కూర్చున్న ఆడవాళ్ళను అక్కా అనాలని కూడా ఆ కొండలవాళ్ళే నేర్పారట.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కొట్లో అన్నిటికంటే లోపలి పీట మీదే కూర్చునేవాడు. రష్మిల తలుపు పక్కన, ఒక కాలు గడప బయట పెట్టుకుని కూర్చునేది.

ఆ ఇల్లు చూస్తే ఎవరైనా అలాగే కూర్చుంటారు. కొట్టు ఉన్న కింది అంతస్తు ఒక్కటే గట్టిగా ఉంది. పై అంతస్తుల గోడలు ముందుకు ఒరిగిపోతే, వీధిలోంచి దుంగలు ఏటవాలుగా పోటు పెట్టి నిలబెట్టారు. అమ్మా నాన్నా వెనక ఖాళీ స్థలంలో రేకుల షెడ్డులో ఉంటున్నారు. రెండేళ్ళ కిందట, ఆ శనివారం పెద్ద భూకంపం వచ్చినప్పుడు రష్మిల మెట్ల మీద ఉంది. అప్పుడు దిగినది మళ్ళీ ఎక్కలేదు.

వచ్చిన టూరిస్టులందరూ అదే అడుగుతారు, అప్పుడు మీరు ఎక్కడున్నారని. మెట్ల మీద, అని మొదలుపెడుతుంది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. రెండేళ్ళుగా చెప్పీచెప్పీ ఆ కథ ఆమెకే ఇంకెవరిదో అనిపిస్తోంది. రాత్రి నిద్రపోయినా, పొద్దున్నే లేచేసరికి ఒళ్ళు బరువుగానే ఉంటోంది.

లౌతారో మాత్రం అడగలేదు. ఒక వానరోజు ఆమే ఉండబట్టలేకపోయింది.

"నువ్వు అడగవా?"

"ఏమని?"

"అప్పుడు నువ్వెక్కడున్నావు అని."

అతను చెంచా నాకి పక్కన పెట్టాడు. "మా ఇల్లు కూడా పడిపోయింది. ఊరంతా పడిపోయింది. వచ్చినవాడల్లా మా అమ్మను అదే అడిగేవాడు. ఒకరోజు విసుగెత్తి, స్నానం చేస్తున్నానయ్యా, ఒంటి మీద తువ్వాలు కూడా లేదు, అని చెప్పింది. మళ్ళీ ఒక్కడు అడిగితే ఒట్టు."

రష్మిలకు నవ్వాగలేదు. తన నవ్వు తనకే వింతగా వినిపించింది, అంత కాలమైంది విని.

చూరు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. లౌతారో ఆమెను చూసి, వెంటనే వానను చూశాడు. అక్కా అనడం అతను ఎప్పుడు మానేశాడో రష్మిలకు గుర్తులేదు గానీ, మానేసిన సంగతి మాత్రం తెలుసు.

"ఎల్లుండి పోఖరా బస్సెక్కాలి," అన్నాడు. "వెళ్ళాలని లేదు. నడిచీ నడిచీ విసుగొచ్చింది రష్మిలా. ఎక్కడ కూర్చున్నా అలసట తీరడం లేదు. ఇక్కడ తీరుతోంది."

ఆ మాటకు ఆమె గుండె గబగబా కొట్టుకుంది. అలాంటి సమయంలో ఏం చెయ్యాలో ఆమెకు ఒక్కటే తెలుసు. బయటికి పరిగెత్తడం. బయట వాన.

"నాకు పెళ్ళయిపోయింది," అనేసింది.

అబద్ధం కాదు. వాళ్ళలాంటి నెవారీ ఇళ్ళలో ఆడపిల్లలకు చిన్నప్పుడే మారేడుకాయతో పెళ్ళి చేస్తారు. కాయకు చావు లేదు కాబట్టి ఆ పిల్ల ఎన్నటికీ విధవ కాదు. పెద్దయ్యాక చేసుకునేవాడు రెండో మొగుడి కిందే లెక్క. ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతే. లౌతారోకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఎప్పుడు?"

"ఏడేళ్ళప్పుడు."

"ఏడేళ్ళకా! మరి ఆయన... ఎక్కడ?"

ఆటపట్టిద్దామనే వేలు పైకి చూపించింది. "పై అంతస్తులో. ఆ శనివారం నుంచీ అక్కడే ఉన్నాడు. నేనింకా పైకి వెళ్ళలేదు."

ఆ చివరి మాట ఆటలా వినిపించలేదు. అలా వినిపించాలని ఆమె అనుకోలేదు.

లౌతారో మొహం తెల్లగా పాలిపోయింది. టోపీ తీశాడు. కప్పు వైపు తలెత్తి దండం పెట్టాడు. వానలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బంతిపూల దండ తెచ్చి, మెట్ల మొదట్లో పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తెరిచినప్పుడు అవి ఎర్రగా ఉన్నాయి.

"మీకు ఏ సాయం కావాలన్నా చెప్పండక్కా," అన్నాడు.

ఆ పిలుపు ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. అతను వెళ్ళాక అజి చేట పక్కన పెట్టింది.

"చెప్పెయ్యవే. పిల్లాడు కాయ కోసం ఏడుస్తున్నాడు."

"చెప్తే మళ్ళీ మొదలుపెడతాడు."

"పెడితే నీకేం?"

"అలసిపోయాను అజీ. మళ్ళీ ఒకటి కావాలనుకోవడం, అది ఎప్పుడు కూలుతుందో అని తలుపు దగ్గర కూర్చోవడం. నా వల్ల కాదు."

అజి మనవరాలి తల దగ్గరికి తీసుకుని వెల్లుల్లి చేతులతోనే నిమిరింది.

ఆ సాయంత్రం నాన్న కబురు తెచ్చాడు. మేస్త్రీలు దొరికారు, రేపటి నుంచే ఇల్లు విప్పుతారు, కొత్తది కడతారు. రెండేళ్ళుగా ఎదురుచూసిన కబురు. అజి మాత్రం ఒక్కటే అంది.

"నీ మారేడుకాయ పైనే ఉంది, రష్మిలా. పొద్దున్నే వెళ్ళి తెచ్చుకో."

"నాన్న తెస్తాడులే."

"ఎవరి మొగుణ్ణి వాళ్ళే తెచ్చుకోవాలి. పరాయి చేతులు పడకూడదు. నువ్వు తేకపోతే మట్టిలో కలిసిపోతాడు, అంతే."

పొద్దున్నే లౌతారో బ్యాగు తగిలించుకుని సెలవు చెప్పడానికి వచ్చేసరికి, రష్మిల మొదటి మెట్టు మీద ఒక పాదం పెట్టి బిగుసుకుపోయి ఉంది. రెండో పాదం లేవడం లేదు. నుదురంతా చెమట.

"ఆయన దగ్గరికా?" అన్నాడతను మెల్లగా.

ఆమె తలూపింది.

అతను బ్యాగు దించేశాడు. "నేనూ వస్తాను. మీరు ముందు నడవండి. ఆగితే నేనూ ఆగుతాను."

ఎక్కారు. ఆమె ఆగినచోటల్లా అతనూ ఆగాడు, తొందరపెట్టలేదు. పై అంతస్తులో దేవుడి గూటి ముందు దుమ్ము మందంగా పేరుకుంది. లౌతారో టోపీ చేతిలో పట్టుకుని, చూడబోయే దానికి గుండె దిటవు చేసుకుంటున్నాడు. రష్మిల ఇత్తడి పెట్టె తెరిచి, ఎర్రగుడ్డ విప్పి, ఎండి గట్టిపడిన కాయను చేతిలోకి తీసుకుంది.

"ఈయనే," అంది.

"ఇది... పండు."

"కాయ. మారేడు. మా ఆడపిల్లలందరికీ మొదటి పెళ్ళి దీనితోనే చేస్తారు."

లౌతారో కాయను చూశాడు, ఆమెను చూశాడు. "నేను రాత్రంతా ఈయన కోసం ఏడ్చాను."

"తెలుసు."

"దండ కూడా తెచ్చాను!"

"ఆయనకు చాలా నచ్చింది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ రష్మిల ఏడ్చేసింది, రెండేళ్ళకి సరిపడా.

అప్పుడే భూమి కదిలింది. కింద దుంగలు కిర్రుమన్నాయి. మొన్నటి పాటిదే, ఇంకా చిన్నదేమో కూడా. పరిగెత్తడం అలవాటైన రష్మిల కాళ్ళు ఆ పై అంతస్తులో కదల్లేదు. గ్లాసు కింద పెట్టని లౌతారో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండేసి మెట్లు దూకుతూ వీధిలోకి తెచ్చి పడేశాడు. ఇద్దరి మోకాళ్ళూ గీరుకుపోయాయి. అతను చెయ్యి మాత్రం వదల్లేదు.

"చిన్నదేగా?" అంది ఆమె రొప్పుతూ. "మీ చిలీలో గ్లాసు కూడా కింద పెట్టరుగా?"

"అప్పుడు నాకు పోయేదేమీ లేదు."

"ఇప్పుడుందా?"

"ఉంది. నువ్వున్నావు."

వీధి వీధంతా చూస్తోంది. రష్మిల చెయ్యి లాక్కోలేదు. రెండో చేతిలో కాయ ఉంది. అజి వచ్చి దాన్ని తీసుకుని, చుట్టూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని తట్టింది. ఎక్కడా చిన్న పగులు లేదు. అప్పుడు లౌతారోను కిందినుంచి పైదాకా చూసి, తమ నెవారీ భాషలో ఏదో గట్టిగా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నాన్న కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

"ఏమంటోంది?" అన్నాడు లౌతారో.

"మొదటాయన ఒప్పుకున్నాడట. రెండోవాణ్ణి వచ్చి ఇటుకలు మొయ్యమంటోంది."

"రెండోవాడెవరు?"

"పోఖరా బస్సు ఎక్కనివాడు."

లౌతారో బ్యాగు తెచ్చి అరుగు కింద తోసేశాడు. రష్మిల రెండు పిడతల్లో పెరుగు తెచ్చింది. అతను లోపలికి వెళ్ళి, ఎప్పుడూ తను కూర్చునే పీట ఎత్తుకొచ్చి, తలుపు దగ్గర ఆమె పక్కన వేసుకున్నాడు. ఒక కాలు గడప బయట పెట్టుకుని కూర్చున్నాడు.