మేడమీద గది

ఆ రోజు పొద్దున్నే మొదటి బస్సు అందుకోవాల్సింది. డ్రిల్లు మాస్టారు ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ తాపీగా ఇస్త్రీ చేయడంతో అది కాస్తా వెళ్ళిపోయింది.

"ఏమండీ, మనం వెళ్ళేది పెళ్ళిచూపులకి కాదు, అద్దె గదికి!" అంది భార్య గుమ్మంలో నిలబడి.

ఆవిడ ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో నర్సు. తను చేయిపట్టుకుని సూది వేయడం నేర్పిన పిల్లలు పెద్ద డిగ్రీ ఉందని తనకే పైఅధికారులయ్యారు. పట్టుబట్టి చదివి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. రెండేళ్ళ కోర్సు. రోజూ వెళ్ళి రాగలిగే దూరం కాదు. ఈ వయసు వాళ్ళకి హాస్టల్లో చోటు లేదన్నారు. సోమవారం లోపు చేరకపోతే సీటు పోతుంది.

యూనివర్సిటీ చుట్టుపక్కల గేటుగేటుకీ టు-లెట్ బోర్డే. అద్దె వింటే మాత్రం గుండె జారిపోతుంది. తమ తాహతుకి తగినవి ఒకటీ అరా దొరికితే వాటికి మాస్టారు వంకలు పెట్టారు. ఒకచోట మెట్లు నిటారుగా ఉన్నాయన్నారు. ఇంకోచోట కిటికీ తెరిస్తే రోడ్డు గోల అన్నారు, మూస్తే గాలాడదన్నారు.

తర్వాత చూసింది రిటైరైన టైపిస్టు ఒకావిడ ఇంటి మేడమీద గది. చిన్న వంటగట్టు, విడిగా స్నానాలగది, కిటికీ పక్కన బల్ల. యూనివర్సిటీ అక్కణ్ణుంచే కనిపిస్తోంది. అద్దె కూడా అందుబాటులోనే ఉంది. నర్సమ్మ ఆ బల్లని చేత్తో నిమిరి చూసుకుంది. ప్రాణం లేచొచ్చింది.

మాస్టారు గోడ తట్టి, "చెమ్మ," అన్నారు.

"ఎక్కడండీ?"

"ఇప్పుడు లేదనుకో. వానాకాలం రానీ, తెలుస్తుంది."

ఇక ఆవిడ వల్ల కాలేదు. ఆయన్ని రెక్కపట్టి మెట్ల దగ్గరికి లాక్కొచ్చింది.

"పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు! నేను చదవడం ఇష్టం లేకపోతే ఆ మాట అనెయ్యండి. ఈ వయసులో పెళ్ళాం పుస్తకాల సంచీ తగిలించుకుంటే మీకు నామోషీ, అంతేగా?"

ఈల ఊది స్కూలంతటినీ వరసలో నిలబెట్టే మనిషి, మెట్టు మీద కూలబడిపోయారు.

"నామోషీ ఏంటే! స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. నీకు సీటొచ్చిందంటే నాకు రెక్కలొచ్చినట్టయింది." గొంతు తగ్గింది. "నీకు నైట్ డ్యూటీ పడితే నేను లైటు ఆర్పను, తెలుసా? నిద్ర పట్టదు. ఒక్క రాత్రికే అలా ఉంటే, రెండేళ్ళంటే..."

"ఆ ముక్కేదో ఇంట్లోనే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు మానేస్తావు. నాకోసం మానేశావంటే, ఇక నీ మొహం చూడగలనా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి భయం ఉంటుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. పక్కనే కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మీరు తేల్చుకుంటే నాకో మాట చెప్పండి. సాయంత్రం ఇంకొకళ్ళు చూడ్డానికి వస్తున్నారు," అంది ఇంటావిడ పైనుంచి.

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. "వాళ్ళని రావద్దనండమ్మా! గది బంగారంలా ఉంది. ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేస్తాం."

"ఒక్కటే షరతు. మగవాళ్ళు పైకి రాకూడదు."

మాస్టారి మొహం వాడిపోయింది. "మొగుడు కూడానా అండీ?"

ఇంటావిడ నవ్వు ఆపుకుంది. "సరే, ఆదివారాలు రండి. కానీ వంట మీరే చెయ్యాలి. ఆవిడ చదువుకోవాలిగా!"

"నాకు వంట రాదే!" అన్నారాయన, దిక్కుతోచక భార్య వైపు చూస్తూ.

"నేను చదువుకోవట్లా? మీరూ నేర్చుకోండి," అంది ఆవిడ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.