అంచులో తోట గేటు

హిందూపురం ఝాన్సీ గారు ఫోన్‌లో పంపిన ఫోటో చూసి మొదట నాకు నవ్వొచ్చింది. ఫ్రాన్సులో నార్మండీ అనే చోట ఉందట ఆ తోట. చెట్లన్నిటినీ గోడల్లాగా ఒకే ఎత్తుకు కత్తిరించి పెట్టారు. వాటి మధ్య పచ్చిక బాట. బాటకు ముందు ఇనుప గేటు, మూసి ఉంది. నిరుడు అక్కడి తోటలన్నీ తిరిగొచ్చినా ఆమెకు ఇదొక్కటే మనసులో నిలిచిపోయిందట. ఈ పెళ్లిరోజుకు భర్తతో మళ్లీ అక్కడికే పోతోంది. అదే తోటను పట్టుచీర అంచులో మా చేత నేయించుకుని, ఆ చీర కట్టుకుని ఆ బాటలో నడవాలని ఆమె ముచ్చట.

"మన ధర్మవరంలో చెట్టు బతికితే చాలు అనుకుంటాము. వాళ్లు చూడప్పా, చెట్లకు క్రాపు కొట్టిస్తాండారు," అన్నాను.

మా ఆయన అమర్‌నాథ్ నవ్వలేదు. ఆ చీర మొదలుపెట్టినప్పటి నుంచి మనిషికి నిలకడ లేదు. అన్నం ముందు కూర్చున్నవాడు సగంలో లేచి మగ్గం దగ్గరికి పోయేవాడు. "కాళ్లు నిలవడంలేదే," అనేవాడు. ఆ కాళ్ల సంగతి నాకు తెలియనిదా! గుంత మగ్గం తొక్కీ తొక్కీ కుడికాలి బొటనవేలి కింద చింతగింజంత కాయ కాచింది. దాన్ని గిల్లి ఆయన్ను ఏడిపించడం పెళ్లైన కొత్తలో మొదలైన అలవాటు.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. మా అత్త బతికున్నప్పుడు పొద్దున్నే గుంత మీద చాప కప్పేసేది. నేనూ కప్పాను. పొద్దు గూకే వేళకు చూస్తే చాప గోడకు ఆనించి ఉంది. ఆయన గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు.

"ఏమప్పా, ఈ పొద్దు మగ్గం ముట్టొచ్చునా?"

"ఎల్లుండి ఆ యమ్మ విమానం ఎక్కల్ల. ఇంక జానెడే ఉండాది. నువ్వు కండెలు చుట్టు."

సణుగుతూనే, పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలోకి పట్టుదారం కండెలు చుట్టడానికి కూర్చున్నాను.

బయట ముసురు. వీధంతా మూగగా ఉంది, మా మగ్గం ఒక్కటే టకటకమంటోంది. కాసేపటికి తడి ఆకుల వాసన వచ్చింది. మా ఇంటి చుట్టూ సిమెంటు గోడలే, ఆకెక్కడిది? వాసన గుంతలోంచి వస్తోంది.

కండె అందించబోయి అంచు వైపు చూశాను. మగ్గం పైన బొమ్మలు దించే జకార్డు మీద అవే చిల్లుల అట్టలు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. కాబట్టి ప్రతిసారీ అదే బొమ్మ పడాలి. నిన్నటి దాకా నేసిందంతా మూసిన గేటే. ఈ పూట నేసిన మొదటి బొమ్మలో గేటు సందు విడింది. రెండో దాంట్లో సగం తెరుచుకుంది. మూడో దాంట్లో... బార్లా.

"ఆపప్పా..."

"హేమా..." గుసగుసగా అన్నాడు. "కాళ్ల కింద పచ్చిక తగులుతాండాది."

కరెంటు పోయింది. చీకట్లోనూ మగ్గం ఆగలేదు. టక్... టక్... భయంతో తడుముకుంటూ ఆయన చేతులు పట్టుకున్నాను.

రెండు చేతులూ నా చేతుల్లోనే ఉన్నాయి.

టక్... టక్...

"ఎవరో... కాళ్లు పట్టుకుండారు. లాగు... లాగు!"

ఆయన లేకపోతే నాకెవరున్నారు? ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. కింద నుంచి కూడా అంతే బలంగా లాగారు. ఆయన వేళ్లు నా చేతుల్లోంచి జారాయి... మళ్లీ అందాయి. అంతలో కింద వదిలేశారు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మగ్గం ఆగిపోయింది.

కరెంటు వచ్చీరాగానే ముఖం చూశాను. ఆయనే. ఏడుస్తూనే నోటికొచ్చినట్టు తిట్టాను. అంచులో చివరి బొమ్మ చూస్తే గేటు మూసి ఉంది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆయన పాదాల నిండా నల్లటి తడి మట్టి. చెంబుతో నీళ్లు తెచ్చి కడుగుతుంటే కదలకుండా కూర్చున్నాడు. ఇన్నాళ్లకు మనిషికి నిలకడ వచ్చిందనుకున్నాను. కుడికాలు ఒళ్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ బొటనవేలి కింద గిల్లబోయాను.

మెత్తగా తగిలింది.

ఎడమ కాలు చూశాను. మళ్లీ కుడికాలు చూశాను. ఎక్కడా కాయ లేదు. పసిపిల్లల పాదాల్లా ఉన్నాయి.

"ఏమైందే?" అన్నాడు, నా వైపే చూస్తూ. నవ్వుతున్నాడు.

ఖాళీ గుంతలో తొక్కుడు కర్ర కదిలింది... కింద నుంచి ఎవరో నెట్టినట్టు, ఒక్కసారి.