లెక్క సరిపోతుంది

ఆ షెడ్డు దగ్గర లారీవాళ్ళు కూడా బండి ఆపరు. టైరు పేలినా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ అవతలి మలుపుదాకా పోతారు తప్ప ఆ షెడ్డు ముందు కాలు కింద పెట్టరు.

చూడ్డానికి ఏమీ ఉండదు. హైవే పక్కన ఒక రేకుల కప్పు, దాని కింద రెండు సిమెంటు బెంచీలు, ఒక కుళాయి. దారిన పోయేవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికని ఎప్పుడో కట్టారు. సరిగ్గా దాని ముందరే ఒక స్పీడ్ బ్రేకరు. ఎంత తొందరలో ఉన్నవాడైనా అక్కడ నెమ్మదించక తప్పదు. అదే వచ్చిన చిక్కు.

ఒకసారి మా వీధి చివర మెకానిక్కుని అడిగాను. "ఏంటయ్యా ఆ షెడ్డు గొడవ? మనుషులు మాయమైపోతారా ఏంటి?"

"లేదమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఎంతమంది దిగితే అంతమందే ఎక్కుతారు. లెక్క సరిపోతుంది."

అంతే. మళ్ళీ బండి కిందకి దూరిపోయాడు. లెక్క సరిపోతే ఇంక భయం దేనికి, వీడి మొహం! అనుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాను. దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు అప్పట్లో అంత వేళాకోళం.

వేసవి సెలవులకి మా అక్కావాళ్ళు కారులో మా ఇంటికి బయల్దేరారు. రాత్రంతా ప్రయాణం. పగలైతే ఆ ఎండకి పిల్లలు వాడిపోతారు. వాళ్ళ పాత కారులో ఏసీ చల్లగాలి కన్నా చప్పుడే ఎక్కువ చేస్తుంది.

ముగ్గురు పిల్లలు. పెద్దది బంగారుతల్లి, కారెక్కగానే నిద్రపోతుంది. చంటిదానికి ఇంకా మాటలు తిరగవు. మధ్యవాడు బుడ్డోడు — అసలు గోలంతా వాడితోనే. వాడికి కారు పడదు. ఎక్కితే చాలు, వాంతి. వాంతి లేని కాసేపూ నోరు ఊరుకోదు. వీధి మలుపు తిరక్కముందే మొదలుపెడతాడు — "అమ్మా, వచ్చేశామా?" పది నిమిషాలు ఆగి మళ్ళీ — "అమ్మా, వచ్చేశామా?" ప్రాణాలు తోడేస్తాడు వెధవ.

మా బావ బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సులకి వేసినట్టే మా బుడ్డోడి కడుపుక్కూడా టైములు వేశాడు. ఏ పెట్రోలు బంకులో ఆగాలి, ఎక్కడ మొహాలు కడగాలి, ఎక్కడ అరటిపండు పెట్టొచ్చు, ఎక్కడ మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు — అంతా వారం ముందే ఖాయం. "ఆగాల్సిన చోట ఆగితే వాంతీ లేదు, గీంతీ లేదు," అని అక్కకి రోజూ పాఠం. ఆ షెడ్డు మాత్రం ఆయన ప్లానులో లేదు. డిపోలో పనిచేసేవాడికి దాని సంగతి తెలీకుండా ఉంటుందా!

అక్క బట్టలు కుడుతుంది. తన వంతుగా బుడ్డోడికి ఒక సంచీ కుట్టింది. లోపల ప్లాస్టిక్కు, పైన పాత గళ్ళ చొక్కా గుడ్డ, మెడలో వేసుకోడానికి నాడా. వాంతొస్తే అందులో కక్కుకోవాలి. వాడు దాన్ని మెడలో తగిలించుకుని కండక్టరులా టిక్కెట్లు అడుగుతూ ఇల్లంతా తిరిగాడట.

వాళ్ళకి ఇంకో అలవాటుంది. ఆగిన ప్రతి చోటా, కారు కదిలేముందు, అక్క ముందు సీట్లోంచి అడుగుతుంది — "అందరూ ఉన్నారా?" పిల్లలు వరసగా అంకెలు చెప్పాలి. పెద్దది ఒకటి. బుడ్డోడు రెండు. చంటిది "మూలు" అంటుంది. అందరూ నవ్వాలి. అప్పుడే కారు కదలాలి.

మొదట ఆగాల్సిన చోట్లు రెండూ బావ అనుకున్నట్టే గడిచాయి. మూడో బంకు దగ్గరే కథ అడ్డం తిరిగింది. లైట్లు లేవు. దారికి అడ్డంగా గొలుసు. లోపల్నుంచి వాచ్‌మన్ టార్చి ఊపుతూ పొమ్మన్నాడు. ఏదో రిపేరట. తర్వాతి బంకు చాలా దూరం. బుడ్డోడికి వాంతులు మొదలయ్యాయి.

"నాన్నా... కడుపులో మళ్ళీ తిప్పుతోంది."

"సంచీ ఉందిగా నాన్నా," అంది అక్క.

"నిండిపోయింది..."

బావ పళ్ళు బిగించి నడిపాడు. చుట్టూ చీకటి. ఎదురొచ్చే బండి కూడా లేదు. కిటికీలోంచి వేడిగాలి మొహాన కొడుతోంది. ఇంతలో స్పీడ్ బ్రేకరు వచ్చింది... కారు నెమ్మదించింది... కుడి పక్కన రేకుల కప్పు కనపడింది.

"ఆపండి," అంది అక్క.

"ఇక్కడా?" బావ గొంతు సగానికి పడిపోయింది.

"పిల్లాడు ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. ఆపండి ముందు!"

ఆపాడు.

పెద్దది వెనక సీట్లో, చంటిది ముందు బావ ఒళ్ళో నిద్రలో ఉన్నారు. అక్క బుడ్డోణ్ణి ఎత్తుకుని కుళాయి దగ్గరకి పరిగెత్తింది. నీళ్ళు వచ్చాయి. నడివేసవిలో, ఎవరూ వాడని కుళాయిలో, ఐసు నీళ్ళలాంటి నీళ్ళు. వాడి మొహం కడిగింది. సంచీ కడిగి మళ్ళీ మెడలో వేసింది.

"అమ్మా, తల తిరుగుతోందే. ఈ బెంచీ మీద కాసేపు పడుకోనా?"

"పడుకో. నేను పిలుస్తా. పిలిచేదాకా ఇక్కణ్ణించి కదలకు."

వాడు సంచీ గుండెలకి హత్తుకుని పడుకున్నాడు. అప్పుడే కారులోంచి చంటిది గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. అక్క పరిగెత్తుకెళ్ళి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. బావకి చెమటలు కారుతున్నాయి. షెడ్డు వైపు చూడకుండా, స్టీరింగు పట్టుకుని, "పద... పద..." అంటున్నాడు.

వెనక తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

అక్క లైటు వెయ్యలేదు. వేస్తే చంటిది మళ్ళీ రాగం అందుకుంటుందని భయం. చీకట్లోనే అడిగింది — "అందరూ ఉన్నారా?"

"ఒకటి..." పెద్దది ఆవలిస్తూ.

"రెండు."

"మూలు."

ఎవరూ నవ్వలేదు. కారు కదిలింది.

తెల్లారేసరికి మా గుమ్మం ముందున్నారు. ఎప్పుడూ బుడ్డోడు చొక్కా నిండా వాంతితో, వేలాడిపోతూ దిగేవాడు. ఆ పొద్దున మాత్రం చెదరని జుట్టుతో దిగి, నా మొహంలోకి చూసి, "పిన్నీ, బాగున్నావా?" అన్నాడు.

నేనూరుకుంటానా! "ఏంటే అక్కా, మా బుడ్డోణ్ణి దారిలో ఎక్కడో మార్చేసి ఎవరో మంచి పిల్లాణ్ణి పట్టుకొచ్చావే!" అన్నాను. బావ పకపకా నవ్వాడు. పెద్దదీ నవ్వింది. అక్క చేతిలోంచి ఫ్లాస్కు జారి మెట్ల మీద పడింది.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఇదంతా నాకు చెప్పింది.

"అక్కణ్ణించి ఇక్కడిదాకా వాడు ఒక్కసారి కూడా అడగలేదే."

"ఏం అడగలేదు?"

"వచ్చేశామా అని. ఒక్క వాంతి లేదు. సంచీ ఏదిరా అంటే, అక్కడే మర్చిపోయా అన్నాడు."

"అయితే ఏంటే? ఇంకో సంచీ కుట్టు."

"నేను పిలుస్తానన్నాను..." అక్క గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పిలిస్తేనే లేవమన్నాను. పిలవలేదే. లెక్క అడిగానంతే. రెండు అని వినపడింది, వచ్చేశాడనుకున్నాను."

పిచ్చిదానా అని తిట్టాను. పక్కగదిలో పడుకున్నవాడి దగ్గరకి లాక్కెళ్ళాను. మోకాలి మీద మెట్ల మీంచి పడ్డప్పటి మచ్చ ఉంది. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. విరిగిన పన్ను కూడా ఉంది. "చూశావా?" అన్నాను. అక్క చూసింది. "అన్నీ ఉన్నాయి," అని గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. ఏదో ఒకటి తక్కువై ఉంటే బాగుండేదన్నట్టు ఏడ్చింది.

వాళ్ళున్నన్నాళ్ళూ వాడు పెట్టింది తిన్నాడు. పడుకోమంటే పడుకున్నాడు. ఒక్క వస్తువు పగలగొట్టలేదు. బావ మురిసిపోయాడు. "పిల్లలు ఎదగరా ఏంటి? మీ అక్కకి ఎదిగితే ఒక బాధ, ఎదక్కపోతే ఒక బాధ." అక్క మాత్రం వాడికి అన్నం పెట్టేది, బట్టలు వేసేది... ముద్దు పెట్టుకునేది కాదు. రాత్రిళ్ళు లేచి కూర్చుని, "దాహమేస్తుంటుందే వాడికి," అనేది. అదే మాట. పగలు ఒకసారి ఆ షెడ్డుదాకా వెళ్ళొద్దామని బావని బతిమాలింది. "పిల్లాడు కళ్ళెదుటే ఉంటే షెడ్డులో ఎవర్ని వెతుకుతావే?" అని కసిరాడు. ఆయన మాత్రం ఏమంటాడు పాపం.

ఇక్కడిదాకా చాలామటుకు అక్క చెప్పింది. ఇక మిగిలింది నా చెవులతో నేను విన్నది.

అక్క తిండి మానేసి చిక్కిపోయింది. ఆ స్థితిలో పంపడానికి మనసొప్పక, తిరుగు ప్రయాణంలో నేనూ కారెక్కాను. వెనక సీట్లో పెద్దదానికీ బుడ్డోడికీ మధ్య కూర్చున్నాను. బావ ఈసారి ప్లానే వెయ్యలేదు. "ఇప్పుడు వాంతుల్లేవుగా. ఎక్కడా ఆగక్కర్లేదు," అన్నాడు సంతోషంగా.

నిజమే, ఎక్కడా ఆగలేదు. బుడ్డోడు కదలకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. వాడి భుజం నాకు తగులుతోంది. కిటికీలోంచి అంత వేడిగాలి వస్తున్నా ఆ భుజం చల్లగా ఉంది. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను — పిల్లాడికి చెమట ఆరి ఉంటుందిలే అని.

స్పీడ్ బ్రేకరు వచ్చింది.

కారు నెమ్మదించింది. హెడ్‌లైట్ల వెలుగులో రేకుల కప్పు అంచు కనపడింది. అక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, మొత్తం బలం కూడదీసుకుని అడిగింది —

"అందరూ ఉన్నారా?"

"ఒకటి," అంది పెద్దది.

"రెండు," నా పక్కన.

"మూలు."

ఆ తర్వాత... బయట్నుంచి. బెంచీల వైపు చీకట్లోంచి. ఎండిపోయిన గొంతుతో, మెల్లగా —

"రెండు..."



"అమ్మా... వచ్చేశామా?"

అక్క పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. తలుపు గుంజింది. అది తెరుచుకోలేదు, చంటిది తెరవకుండా బావ లాకు వేసి ఉంచాడు. "ఆపండి! వాడక్కడే ఉన్నాడు, ఆపండి!" బావ కూడా విన్నాడు. అద్దంలో ఆయన మొహం చూశాను, నెత్తురు చుక్క లేదు. కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. కారు ఆగబోయింది.

నా పక్కనున్నవాడు లేచాడు. బావ సీటు మీద చెయ్యి వేసి, ఆయన చెవి దగ్గరకి వంగి, ఎంతో ముద్దుగా అన్నాడు —

"ఎందుకు నాన్నా ఆపడం? లెక్క సరిపోయిందిగా."

బావ ఆపలేదు.

వాడి ఒళ్ళు నా భుజానికి ఆనుకునే ఉంది. ఆపి మాత్రం ఏం చెయ్యాలి? ఇద్దరిలో ఎవర్ని ఎక్కించుకోవాలి, ఎవర్ని దింపాలి?

అక్క ఒళ్ళో నీళ్ళ సీసా ఉంది. కారు వేగం అందుకునేలోపు దాన్ని కిటికీలోంచి ఆ చీకట్లోకి, బెంచీల వైపు విసిరేసింది. "తాగు నాన్నా..." అంది.

స్టీలు సీసా అది. నిండా నీళ్ళున్నాయి. సిమెంటు నేల మీద పడితే ఎంత చప్పుడు కావాలి!

చెవులు రిక్కించి విన్నాను. అది కింద పడలేదు.