ఆరో కేబిన్‌ల చదివేటోళ్లు

అమీర్‌పేటల మా నెట్ సెంటర్ ఎవర్నడిగినా చూపెడ్తరు. చూపెట్టి, "రాత్రిపూట ఆరో నంబరు కేబిన్‌ల మాత్రం కూసోకు భాయ్" అని సుత చెప్తరు. మిగిలిన ఏడు నిండితె జనం నిలవడుతరు గని, ఆరుల కూసోరు. ఆరుకు ఎనుక గోడ. గోడకు ఎనుక మురుగు పారే మోరి.

నేను హనుమాండ్లును, గా సెంటర్ ఓనర్‌ను. జరిగింది జరిగినట్టు చెప్త. నవ్వేటోళ్లు జర ఆగి నవ్వుండ్రి.

రెండువేల ఎనిమిది. రవికాంత్ అని కాకినాడ దిక్కు పోరడు. పంజగుట్ట హాస్టల్‌ల ఉండి మా గల్లీల టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటుండె. రోజు రాత్రి తొమ్మిదికొచ్చి, ఆరుల కూసొని, తన బ్లాగుల కథ రాసేటోడు. ఖైరతాబాద్‌ల గడియారాలు బాగుచేసే ముసలాయన కథ. పెండ్లాం ఇల్లిడిసి పోతది, ఈయన ఎదురుచూస్తుంటడు. మస్తు కథ.

చదివేటోడు మాత్రం లేడు. కామెంట్లయితె రోజుకు నలభై — బట్టతలకు మందు, నకిలీ వాచీలు, జూదం. అన్నిట్ల మొదలు పొగుడుడు, ఎనుక వాళ్ల సైటు లింకు. వాడు ఒక్కొక్కటి చూసి 'స్పాము' అని నొక్కుకుంట కూసునేటోడు, బియ్యంల రాళ్లేరినట్టు. అన్నీ రాళ్లే.

ఒకనాడు చాయ్ ఇయ్యవోతె అన్నడు: "రేపు వందో పోస్టండీ. ఒక్క మనిషైనా చదివాడని తెలియకపోతే బ్లాగు తీసేస్తాను. గోడకి చెప్పుకున్నట్టుంది."

"తీసెయ్యకు బిడ్డా" అన్న.

"మీరేమైనా చదివారా ఏంటి?" అని నవ్విండు. నేను గిలాస ఆడ పెట్టి కౌంటర్ కాడికొచ్చిన.

మర్నాడు రాత్రి వాన. లోపల వాడొక్కడే, పక్కన నేనిచ్చిన చాయ్. వందో పోస్టు పెట్టిండు. కాసేపటికి ఒక కామెంటు... పేరు లేదు. ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు.

"మంచిగ రాసినవ్. ఇంక రాయి."

పొగిడితె స్పామే గద — నొక్కేసిండు.

ఇంకోటి వచ్చింది. "నిన్న రాసి కొట్టేసిన మాట మళ్ల పెట్టు. 'ఆవిడ రాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు' — గా మాట."

చెయ్యి ఆగింది. గా మాట వాడు ఎవ్వరికీ చూపెట్టలె. పోస్టు చెయ్యకముందే తుడిచేసిండు. మెల్లగ ఎనుకకు తిరిగిండు... గోడ. దాన్ని సుత స్పాముల ఏసిండు.

మూడోది. "భయపడకు. నేను మనిషినే. చాయ్ చల్లారుతుంది, తాగు."

అదీ నొక్కి లేచిండు. కౌంటర్ కాడికొచ్చి గుసగుసగ అడిగిండు: "హనుమాండ్లు గారూ... లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవ్వలు లేరు" అన్న.

గట్ల అనకుండ ఉండేదుండె. వానల ఉరికిండు, చెప్పులు సుత ఏస్కోలె.

ఇగ అసలు సంగతి. మా కౌంటర్ మీది సిస్టంల అన్ని కేబిన్ల తెరలు కనవడ్తయి. ఎవడన్న తప్పుడు పన్లు చేస్తుండేమో అని చూసుడు నా డ్యూటీ. చూస్కుంట చూస్కుంట గా కథల పడ్డ. వాడు టైపు కొడ్తుంటె వంద రాత్రులు అక్షరం అక్షరం చదివిన. గా మూడు కామెంట్లు నేనే పెట్టిన. ముఖం మీద చెప్పనీకె సిగ్గయింది, దొంగతనంగ చదివినోడ్ని గద. బ్లాగు ఉండాలె, కథ ముంగటికి నడవాలె — గంతే నా ఆశ.

సిగ్గుతోనే షట్టర్ గుంజి బోరబండకు, ఇంటికి పోయిన. ఆరుల సిస్టం బంద్ చేసుడు సుత యాదికి రాలె.

పొద్దుగాల వచ్చి చూస్తె వాని పేజీ అట్లనే తెరిచున్నది. నా కామెంట్లు బయటికి తీద్దామని స్పాము పెట్టె తెరిచిన. మందులు, వాచీల నడుమ పేరులేనివి నాలుగున్నయి.

నేను పెట్టినవి మూడే.

నాలుగోది రాత్రి రెండుంబావుకు వచ్చింది. తేట తెలుగు అక్షరాలల్ల. నాకు గా టైపింగ్ రాదు.

"హనుమాండ్లూ, పిల్లవాణ్ణి భయపెట్టావు. మళ్లీ రాయమను. ఆవిడ వస్తుందో రాదో నాకూ తెలియాలి."

ఎనుక గోడ దిక్కు ఒక్కపారి చూసిన. తర్వాత... నాలుగింటినీ పబ్లిష్ నొక్కిన.

రవికాంత్ ఇటుదిక్కు మళ్ల రాలె. పంజగుట్టల ఇంకో సెంటర్‌ల కూసొని రాస్తుండట. నాలుగు కామెంట్లు చూసి బ్లాగు తీసెయ్యలె. కథ ఇంక ఒడువలె, నడుస్తనే ఉన్నది.

కొత్త భాగం వచ్చిననాడు నేను ఆరో సిస్టంల వాని పేజీ తెరిచిపెట్టి, షట్టర్ ఏసి పోత. పొద్దుగాల వచ్చేవరకు పేజీ అడుగుదాక దిగి ఉంటది.