అన్నంలో వెంట్రుక

పొద్దున్న తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆ ఇంట్లో అందరికీ ఆకలేస్తుంది. కానీ ఆ మాట ఎవరూ పైకి అనరు. దేవుడికి ఆరగింపు అయితే గాని ఎవరూ మెతుకు ముట్టకూడదు. కూర్మనాథం గారు పీట మీద కూర్చుని, పెరటి తలుపు బార్లా తెరిపించి, వెలుతురు పడేలా వెండి పళ్ళెం జరుపుకుని, మూత తీసి అన్నంలోకి చూస్తారు. ఆయన చూసే ఆ అర నిమిషం మొదట్లో కోడలు సంహితకి గుండె దడదడలాడేది. ఇప్పుడు దడ కూడా లేదు. ఆమెకి ఏమీ అనిపించడం లేదు.

"కేశం" అన్నారాయన, పళ్ళెం మీద మూత పెట్టేస్తూ.

అంతే. ఇంకో మాట ఉండదు. శ్రీకూర్మంలో కోవెల వంటశాలలో ముప్పై ఏళ్ళు సేవ చేసి, ఆ వంతు కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున ఉన్న మనిషి ఆయన. ఆరగింపు కాకముందు ఆ అన్నాన్ని ఇంకొకళ్ళు చూడకూడదు. అందులో వెంట్రుక ఉందంటే ఎవరూ ముట్టుకోకూడదు, తీయకూడదు. మూత పెట్టిన పళ్ళెం అలాగే తీసుకెళ్ళి ఆవు కుడితి తొట్టిలో బోర్లించాలి. గిన్నెలు చింతపండుతో తోమి, మళ్ళీ స్నానం చేసి, తడి మడిచీరతో మళ్ళీ వండాలి. అందుకే పదకొండు నెలలుగా ఆయనకి దొరుకుతున్న ఆ వెంట్రుకని ఆయన తప్ప ఎవరూ చూడలేదు. చూపించమని ఎవరూ అడగలేదు కూడా. పెద్దాయన ఉందన్నారంటే ఉన్నట్టే.

మొదట్లో నెలకోసారి, తర్వాత వారానికోసారి, ఈ మధ్య రోజు విడిచి రోజు. సంహితది నడుము దాటిన జడ. దాన్ని ముడివేసి తువ్వాలు చుట్టుకుంది. ఇంట్లో దువ్వుకోవడం మానేసి వీధి చివర, పాలు పితికే గున్నమ్మ పాకలోకి వెళ్ళి దువ్వుకుంది. నాలుగు నెలల కింద ఒక మధ్యాహ్నం కత్తెర తీసుకుని మెడ దాకా కత్తిరించేసుకుంది. భర్త అనంతకృష్ణ చూసి "ఎందుకిలా చేశావు?" అని అడిగాడు. జవాబు వినేంత తీరిక మాత్రం లేకపోయింది. అత్తగారు చూడామణి ఆ జుట్టు కేసి ఒకసారి చూసి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అయినా వెంట్రుక వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చుట్టాల్లో ఒకరికి తెలిసింది. కోడలి జుట్టు దేవుడి అన్నంలో పడుతోందట అన్న మాట విజయనగరంలో సంహిత పుట్టింటి దాకా పాకింది. చివరికి మొన్న ఆదివారం కూర్మనాథం గారు కొడుకుని పిలిచి, "అమ్మాయిని కొన్నాళ్ళు పుట్టింటికి పంపీరా. ఈ ఇంటి ఆరగింపుకి ఆ చెయ్యి పనికిరాదు" అన్నారు. అనంతకృష్ణ సరేనన్నాడు. ఇవాళ సాయంత్రం బస్సు. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. చీరలు మడత పెట్టుకుంటుంటే తనకి ఏడుపు ఎందుకు రావడం లేదా అని సంహిత ఆలోచించింది. ఆ ఆలోచన కూడా మధ్యలోనే ఆగిపోయింది.

కుడితి తొట్టి దగ్గర పళ్ళెం బోర్లిస్తుంటే గున్నమ్మ పాలచెంబుతో వచ్చింది.

"మళ్ళీ పారబోసీనావా కోడలమ్మా?"

"ఇవాళే ఆఖరు గున్నమ్మా. సాయంత్రం వెళ్ళిపోతున్నాను."

గున్నమ్మ చెంబు దించి గట్టు మీద కూర్చుంది. "నానొక మాట సెప్తాను, యేరేగా అనుకోకు. నిన్న అయ్యగారు పెరట్లో నిలబడి ఈగల్ని తోల్తన్నారు. ఈగల్లేవు. నాను అక్కడే ఉన్నాను కదా, ఒక్కటీ లేదు."

"అంటే?"

"నాకూ అలాగే వచ్చినాది పోయినేడు. కంటి ముందర దోమలు, పోగులు. తెల్లగున్నకాడ మరీ కనిపిస్తాయి. పాలగిన్నెలో ఈగ పడిపోనాదని సెయ్యెట్టీసినాను, ఏటీ లేదు. సికాకులంలో కంటి డాక్టరమ్మ సూసి, అది పాలల్లో కాదే, నీ కంట్లో ఉన్నాది అన్నాది. ఏటీ పరవాలేదు గానీ, మెరుపులొస్తే మాత్రం ఆ రోజే పరిగెత్తుకు రమ్మన్నాది."

సంహిత బోర్లించిన పళ్ళెం కేసి, తొట్టిలో తేలుతున్న తెల్లటి మెతుకుల కేసి చాలాసేపు చూస్తూ నిలబడింది. కోపం రావాలి అనుకుంది. రాలేదు. వెళ్ళి నూతి దగ్గర నెత్తి మీద నీళ్ళు పోసుకుని, మళ్ళీ ఎసరు పెట్టింది.

పదకొండు గంటలకి రెండో పళ్ళెం పీట ముందుకి వచ్చింది. కూర్మనాథం గారు మూత తీసి, వంగి చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశారు.

"కేశం."

ఆయన మూత పెట్టబోయేలోగా సంహిత చెయ్యి చాపి పళ్ళెం అందుకుంది. ఆరగింపు కాని అన్నంలో వేళ్ళు పెట్టి పళ్ళెం నిండా పలచగా పరిచేసింది. అనంతకృష్ణ లేచి నిలబడ్డాడు.

"ఏటి చేస్తున్నావు నువ్వు? బుద్ధుందా?" అన్నాడు.

"ఎక్కడుందో చూపించండి మావయ్యా" అంది సంహిత. గొంతులో కోపం లేదు, భయం లేదు. కూరగాయల ధర అడిగినట్టే అడిగింది.

"ఇదిగో, ఇక్కడ" అని ఆయన వేలు పెట్టారు. వేలు కింద మెతుకులే ఉన్నాయి. "కాదు, ఇలా జరిగింది. ఇదిగో ఇక్కడ. పొడుగ్గా, వంకీ తిరిగి..."

"అన్నంలో ఉన్న వెంట్రుక జరుగుతుందా?"

సంహిత పళ్ళెం తీసి వెనక పెట్టేసి, ఎండ పడుతున్న సున్నం గోడ చూపించింది. "ఇప్పుడు అక్కడ చూడండి."

కూర్మనాథం గారు గోడ కేసి చూశారు. ఎడమ నుంచి కుడికి చూశారు, కుడి నుంచి ఎడమకి చూశారు. పెద్దాయన మొహంలో రంగు మారిపోయింది.

"గోడ మీద కూడా ఉన్నాది" అన్నారు మెల్లగా.

మొదట చూడామణి నోరు విప్పింది, ఎవరూ అడక్కుండానే. "కళ్ళలో దారాలు తిరుగుతున్నాయని ఆయన అంటూనే ఉన్నారు. రాత్రిళ్ళు నందివర్ధనం పూలు పెడుతున్నాను. త్రిఫల నీళ్ళతో కడుగుతున్నాను. తేనె చుక్క కూడా వేశాను."

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"పోయిన దసరా నుంచి."

వెంట్రుకలు రావడం మొదలైందీ అప్పుడే. సంహిత అత్తగారి కళ్ళలోకి చూసింది. "అయితే మీకు తెలుసు."

"తెలీదమ్మా. అనుమానం" అంది చూడామణి. "నువ్వు జుట్టు కోసుకున్నాక కూడా వచ్చింది చూడు, ఆ రోజు అనుకున్నాను. కానీ ముప్పై ఏళ్ళు కోవెల వంటలో వంక లేని మనిషికి, మీ కన్నే దెబ్బతింది అని ఏ నోటితో చెప్పను? పూలతో తగ్గిపోతే ఎవరికీ తెలీకుండా పోతుంది కదా అనుకున్నాను."

"నా మీద పడ్డా ఫరవాలేదనుకున్నారు."

చూడామణి తల వంచుకుంది. ఆ ఇంట్లో కోడలి మీద పడినది బరువని ఎవరికీ తోచదు. ఆవిడా ఒకప్పుడు కోడలే, అయినా తోచలేదు.

"ఇవాళ పొద్దున్న లేచిన దగ్గర నుంచి" అన్నారు కూర్మనాథం గారు, తనలో తను అనుకుంటున్నట్టు, "ఎడం కంటి పక్కన మెరుపులు మెరుస్తున్నాయి. మసి రాలినట్టు నల్లటి చుక్కలు. వేడి చేసిందనుకున్నాను."

సంహిత లేచి చేతులు కడుక్కుంది. "ఆటో పిలవండి" అంది భర్తతో.

"ఈ సాయంత్రం పూలరసం పిండి చూద్దాం, రేపు..." చూడామణి మాట పూర్తి కాలేదు.

"మెరుపులొస్తే ఆ రోజే వెళ్ళాలట. ఇప్పటిదాకా ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినలేదు. ఇదొక్కటి వినండి. ఆ తర్వాత నేనెలాగూ ఉండను."

శ్రీకాకుళం కంటాసుపత్రిలో చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. డాక్టరమ్మ రెండు కళ్ళూ తిప్పించి తిప్పించి చూసింది. "కంటి లోపల లేత కొబ్బరి లాంటి జిగురు ఉంటుందండీ. వయసు మీద పడితే అది నీరై ముడుచుకుంటుంది. అందులో పోగులు ఉండలు కడతాయి. వాటి నీడ వెనక పొర మీద పడుతుంది. మీరు ఇన్నాళ్ళూ చూసింది ఆ నీడని. చాలామందికి వస్తుంది, ప్రమాదం లేదు. కానీ మీ ఎడం కంట్లో ఆ జిగురు ఊడుతూ వెనక పొరని కాస్త చింపింది. ఇవాళే లేజరుతో చుట్టూ అతికేస్తాను. ఇంకో వారం ఆగి ఉంటే పొర మొత్తం ఊడి ఉండేదేమో."

"ఆ పోగులు పోతాయామ్మా?" అడిగారు కూర్మనాథం గారు.

"పోవండీ. వాటిని కరిగించే చుక్కల మందు లేదు. ఆపరేషను ఉంది గానీ దాని ప్రమాదాలు దానికున్నాయి, మీకు అంత అవసరం లేదు. అడ్డొచ్చినప్పుడు కళ్ళు పైకీ కిందికీ తిప్పండి, పక్కకి జరుగుతాయి. ఎండలో నల్లద్దాలు పెట్టుకోండి. కొన్నాళ్ళకి మెదడే వాటిని పట్టించుకోవడం మానేస్తుంది."

"నందివర్ధనం పూలు?" చూడామణి అడిగింది.

"మూసిన రెప్పల మీద చల్లగా పెట్టండి, హాయిగా ఉంటుంది. లోపల మాత్రం ఏదీ పిండకండి, తేనె అసలే వద్దు. ఆకుకూరలు, నీళ్ళు, నిద్ర కంటికి మంచివే. దారాల్ని మాత్రం మాయం చెయ్యవు. మళ్ళీ మెరుపులొచ్చినా, తెర పడినట్టున్నా ఆ రోజే రండి."

సంహిత గోడకి ఆనుకుని వింటోంది. పట్టించుకోవడం మానేయడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. లేజరు గది బయట బెంచీ మీద అనంతకృష్ణ పక్కన కూర్చుని "బస్సు..." అని ఏదో అనబోయాడు. "వెళ్ళిపోయి ఉంటుంది" అందామె. అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఒక్కరోజైనా ఆ పళ్ళెంలోకి నేను చూసి ఉండాల్సింది సంహితా" అన్నాడు.

మూడు రోజులు ఆరగింపు అనంతకృష్ణే చేశాడు. నాలుగో రోజు కూర్మనాథం గారు మళ్ళీ పీట మీద కూర్చున్నారు. సంహిత వండిన అన్నం పళ్ళెంలో పెట్టి, మూత వేసి, ఆయన ముందుంచి వెనక్కి తిరిగింది. ఇంట్లో ఎవరూ ఆమెని వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. సర్దిన బట్టల సంచి మంచం కిందే ఉంది.

"అమ్మాయ్, ఇలా రా."

వచ్చింది. ఆయన మూత తీసి పళ్ళెం ఆమె వైపు తిప్పారు. చూడామణి కంగారుగా "ఏమండీ, ఆరగింపు కాకుండా..." అంది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నాకు రెండు కనిపిస్తున్నాయి. నీకెన్ని?"

సంహిత వంగి చూసింది. పదకొండు నెలలుగా తను వండుతున్నా, ఆరగింపుకి ముందు చూడమని ఎవరూ అనని అన్నం అది. "ఒక్కటీ లేదు మావయ్యా."

"అయితే లేదు" అన్నారాయన. కళ్ళు మూసుకుని, గంట కొట్టి, ఆరగింపు చేశారు. గంట ఆపాక కూడా కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు గడ్డం దాకా కారాయి. "నీ చేత్తో వండినది పశువుల తొట్టిలో పోయించాను తల్లీ. ఇవి నా కంట్లోంచి పోవట. నేను బతికినన్నాళ్ళూ నువ్వు చెప్తే నమ్మి తినాలి. నన్ను క్షమించమనడానికి మొహం లేదు. వెళ్ళిపోతానంటే నేనే దిగబెడతాను, మీ నాన్నగారికి నేనే చెప్పుకుంటాను. ఉంటానంటే..."

సంహిత ఏమీ అనలేదు. అనడానికి లోపల ఏమీ దొరకలేదు.

ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకుని భార్య కేసి తిరిగారు. "ముందు అమ్మాయికి వడ్డించు."

ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఆఖర్న తింటారు, కోడలు అందరికంటే ఆఖర్న. చూడామణి ఒక్క క్షణం నిలబడిపోయి, తర్వాత విస్తరి వేసి, నీళ్ళు చిలకరించి, వంగి వడ్డించింది. వడ్డిస్తూ కోడలి మెడ మీద తెగిన జుట్టుని వేళ్ళతో తాకి, "నా నోరు పడిపోయింది తల్లీ అప్పుడు" అంది. అనంతకృష్ణ నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ముగ్గురూ చూస్తుండగా సంహిత పప్పూ అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలా నెలలుగా ఆమెకి తిండి రుచి తెలియడం లేదు, కడుపు నిండడమే తెలుసు. రెండో ముద్ద దగ్గర చెయ్యి ఆగింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చేశాయి, ఆపుకోవాలనుకున్నా ఆగలేదు, విస్తరిలో టపటపా పడ్డాయి.

"ఏటైందమ్మా?" అన్నారు కూర్మనాథం గారు, ఏమీ సరిగ్గా కనిపించక ముందుకి వంగి.

"పప్పులో ఉప్పు తక్కువైంది మావయ్యా" అంది సంహిత, వెక్కుతూ.