పార్సిల్‌లో నూనె సీసా

సారపాకలో ఆ ఉదయం విశ్రాంతమ్మ ప్రార్థన ముగించి, టీ తాగుతూ గడపలో కూర్చుంది. భర్త ఇన్నయ్య మిల్లు డ్యూటీకి బయలుదేరుతున్నాడు. అప్పుడే మస్కట్‌లో ఇంటిపనికి కుదిరిన కూతురు మహిమ ఫోన్ చేసింది. విశ్రాంతమ్మ స్పీకర్ పెట్టింది.

"అమ్మా, మనూరి నుంచి వచ్చిన పుష్పక్క పార్సిల్ ఇచ్చింది. పచ్చడుంది, కారప్పొడుంది. నా ఫిట్స్ గోలీలేవి?"

"నూనె సీసా ఉంది గదా బిడ్డా. పాస్టరమ్మ ప్రార్థన చేసిచ్చింది. నుదుటికి రాసుకో."

ఇన్నయ్య వెనక్కి తిరిగాడు. "భద్రాచలం పోయి గోలీలు తెచ్చి, నా చేత్తోనే పార్సిల్ల పెట్టిన గదనే!"

"నేనే తీసిన," అంది విశ్రాంతమ్మ తొణక్కుండా. "బిడ్డకు ఫిట్లు పోయినయని సంఘం ముందట సాక్ష్యం చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. మళ్ళ గోలీలు పంపితే దేవునికి అబద్ధం చెప్పినట్టు కాదా?"

"అమ్మా, గోలీలు అయిపోయినయి. ఇక్కడ డాక్టర్ చీటీ లేకుంటే ఇయ్యరు. దవాఖానాకు పోవాలంటే మేడంకు చెప్పాలె. చెప్తే ఇంటికి పంపిస్తది. మేడం పసిపిల్లను ఎత్తుకోవాలంటే భయమైతుందే."

"నీకు విశ్వాసం లేదు. గందుకే రోగం నిన్ను వదుల్తలేదు. వచ్చిన సంబంధాలన్ని నీ మూర్ఛతోనే పోయినయి. ఇప్పుడు సంఘంల నా పరువు గూడ తీస్తవా?"

"నువ్వు అందరికీ చెప్పినవని, అడగనీకి సిగ్గేసి ఇన్నాళ్ళు సగం సగం వేసుకున్న," అని మహిమ ఫోన్ పెట్టేసింది.

ఇన్నయ్య కిటికీలోని బీపీ మాత్రల అట్ట తీశాడు. "నువ్వు పొద్దున ఏసుకున్నవా?"

"అవ్. లేకుంటే తల తిరుగుతది..." ఆమె కళ్ళు ఆ అట్ట మీదే నిలిచాయి.

గోలీలు ఇచ్చి పంపేందుకు, మస్కట్ పోయేవాళ్ళ కోసం ఇన్నయ్య బూర్గంపాడు, ములకలపల్లి తిరిగాడు. ఎవరూ దొరకకముందే పుష్ప ఫోన్ వచ్చింది. మహిమ ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర పడిపోయింది. కుడిచెయ్యి కాలింది. పసిపిల్ల తొట్టెలో ఉండబట్టి బతికింది. మేడం మహిమకు టికెట్ కొని పంపించేస్తోంది.

ఆదివారం విశ్రాంతమ్మ సంఘంలో లేచి నిలబడింది. "నా బిడ్డకు తగ్గలే. గోలీలు దాచింది నేనే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరమ్మ తల దించుకుంది. అడిగిన స్వస్థత ఆ గోలీలోనే పెట్టి దేవుడు పంపాడేమో, దాన్నే తను పార్సిల్‌లోంచి తీసేసిందేమో అనుకుంటూ విశ్రాంతమ్మ ఇంటికి నడిచింది.

మహిమ వచ్చింది. కట్టు కట్టిన చేత్తో అట్టలోంచి గోలీ తీయలేకపోతుంటే, విశ్రాంతమ్మ తీసి కూతురి నోట్లో వేసి నీళ్ళు తాగించింది. మహిమ గుటక వేసి, తల్లి ముఖం వైపు చూసింది.

"నీ బీపీ గోలీ ఏసుకున్నవా అమ్మా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. విశ్రాంతమ్మ కూతురి కట్టు మీద ముఖం ఆనించి, సంఘంలో రాని ఏడుపంతా అక్కడ ఏడ్చింది.