టాబియా నుంచి వచ్చిన గుర్రం

ఆదివారం పొద్దున్నే, ఫిజీ దీవుల్లోని లౌతోకాలో దర్జీ కొట్టు వెనక గదిలో నర్సయ్య గడ్డం గీసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు విని మునియ్య లేచి వెళ్ళి చూశాడు. ఒకామె తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా ఎర్ర బురద. ద్రాసా ఊరి నుంచి చెరుకు తోటల గట్ల మీదుగా నడిచి వచ్చినట్టుంది.

"దుబాసీగారి ఇల్లు ఇదేనా అన్నా? నా పెనిమిటిని పోలీసులు పట్టుకుపోయారు. రేపు కోర్టు." అంతవరకు చెప్పి ఆమె గుమ్మంలోనే కూలబడింది.

గిరిమిట్ అనే కూలి ఒప్పందం మీద మనవాళ్ళను తెచ్చే ఓడలు ఇంకా వస్తున్న రోజులవి. నర్సయ్య తన ఐదేళ్ళ గిరిమిట్ చెరుకు తోటలో తీర్చుకుని, తర్వాత ఆరేళ్ళు కోర్టులో దుబాసీగా పనిచేశాడు. తెలుగు, హిందుస్తానీ, ఇంగ్లీషు మూడింట్లోనూ జనం ఎలా అబద్ధమాడతారో ఆయన చెవికి తెలుసు. ఉద్యోగం మానేశాక, పోలీసులు చేతులు దులుపుకున్న చిక్కులన్నీ ఆయన గది వెతుక్కుంటూ వచ్చేవి. మునియ్య మిల్లులో ఫిట్టరు. పని లేని రోజుల్లో నర్సయ్య వెంట తిరగడం కంటే గొప్ప సంగతి ఈ దీవుల్లో ఇంకొకటి లేదని అతని నమ్మకం.

నర్సయ్య ముఖం తుడుచుకుని ఆమెకు ముందు మంచినీళ్ళు ఇప్పించాడు. "నీ పేరేమిటమ్మా? మొదటినుంచి చెప్పు."

ఆమె పేరు కౌశల్య. భర్త మునస్వామి. ఇద్దరూ గిరిమిట్ తీర్చుకుని ద్రాసాలో కౌలుకు భూమి పట్టారు. వాళ్ళకున్న ఆస్తి మైనా అనే ఆడగుర్రం. పన్నెండు రోజుల కింద తెల్లారి చూస్తే కొయ్య దగ్గర కోసిన తాడు మాత్రమే ఉంది. మొన్న శుక్రవారం మునస్వామి సతేంద్ర కొట్టుకు ఉప్పు కోసం వెళ్తే, పెరట్లో మైనా కనిపించింది. జూలు కత్తిరించి ఉంది, తోక పొట్టిగా ఉంది. ఈల వేయగానే గుర్రం తల తిప్పిందట. అతను ఇంకేమీ ఆలోచించకుండా కట్టు విప్పి ఇంటికి తోలుకొచ్చాడు. గంటలో కానిస్టేబుల్ వచ్చాడు.

"సతేంద్ర ఏమంటాడు?"

"అవతలి దీవిలోని టాబియా నుంచి ఓడలో తెప్పించుకున్న గుర్రమంటాడు. మైనా ఒంటి మీద ఒక్క మచ్చ లేదన్నా, గుర్తు చూపించడానికి! అలాంటి ఎర్ర గుర్రాలు ఇక్కడ ఇరవై ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ దొర నవ్వాడు. గుర్రం దొంగకు సువా జైల్లో రెండేళ్ళు తప్పవంటున్నారు. బుధవారం నుంచి మిల్లు చెరుకు తీసుకుంటుంది. గుర్రమూ మనిషీ లేకపోతే ట్రాము పట్టాల దాకా చెరుకెవరు చేరుస్తారు? కౌలు పోతుంది. మళ్ళీ కూలీల లైన్లలోకి, సర్దారు కొరడా కిందికి పోవాలి. ఆ లైన్లలోకి నేను పోను." చివరి మాట దగ్గర ఆమె గొంతు గట్టిపడింది.

నర్సయ్య గడ్డం కత్తి మడిచి పక్కన పెట్టాడు. తర్వాత అడిగిన ప్రశ్న మునియ్యకు వింతగా తోచింది.

"గుర్రానికి లాడాలు ఎన్నాళ్ళకోసారి వేయిస్తారు?"

"ఆరు వారాలకోసారి. ఒక్క రోజు దాటనివ్వడు నా పెనిమిటి. మేం పస్తున్నా సరే, గిట్టలు పెరిగిపోతే గుర్రం కాలు చెడుతుందంటాడు. ఏప్రిల్ చివరి ఆదివారం కిష్టయ్య కొలిమిలో వేయించాం. దానికి కుడి వెనక కాలు కొంచెం ఈడ్చే అలవాటు. ఆ లాడం బయటివైపే అరిగిపోతుంది."

"మేత బాగానే పెట్టేవారా?"

"ఫిబ్రవరిలో గాలివాన వచ్చినప్పుడు తప్ప. అప్పుడు ఎవరి దగ్గరా గడ్డి పరక లేదు. మూడు వారాలు అన్ని గుర్రాలూ మాడిపోయాయి. మేం ఇంటికప్పు గడ్డి పీకి పెట్టాం."

నర్సయ్య టోపీ అందుకున్నాడు. "మునియ్యా, నీ ఇత్తడి కొలబద్ద జేబులో ఉందా? పద."

కిష్టయ్య కొలిమి ద్రాసా దారి మలుపులో ఉంది. జనానికి తీరిక దొరికేది ఆదివారమే గనక అక్కడ మూడు గుర్రాలు వరసలో ఉన్నాయి. కిష్టయ్య మంచివాడని పేరు. యాభై ఏళ్ళవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఒళ్ళో గిట్ట పెట్టుకుని ఆకురాయితో రాస్తూనే పలకరించాడు.

"మునస్వామి సంగతా? పాపం, మతి చెడింది వాడికి. తన గుర్రం పోయిన బాధలో ప్రతి ఎర్ర గుర్రమూ తనదే అనిపిస్తుంది."

"సతేంద్ర గుర్రానికి లాడాలు వేసింది నువ్వేనా?"

"నేనే. పది రోజులైంది. కొత్త గుర్రం కావాలని నన్నడిగితే టాబియాలో తెలిసినవాళ్ళ చేత నేనే తెప్పించి ఇచ్చాను. ఓడ దిగినప్పుడు దాని కాళ్ళకు లాడాల్లేవు. అక్కడి నేల మెత్తన కదా! మేకు అంటే ఏమిటో ఎరగని గిట్టలు. మొదటి లాడం నా చేతి మీదుగానే పడింది."

"ఇక్కడ ఇంకా చాలాకాలం ఉంటావుగా, నీ చేతి పని లేకపోతే ఈ గుర్రాలేమైపోతాయి?"

"లేదు బాబూ. వచ్చే నెల ఓడలో దేశం పోతున్నాను."

నర్సయ్య తల ఊపి, అక్కడున్న గుర్రాల దగ్గరకు వెళ్ళి ఒక్కొక్కదాని గిట్ట మీద వేలు పెట్టి నిమిరాడు. మునియ్య కూడా వంగి చూశాడు. మూడింటికీ గిట్ట చుట్టూ, వెంట్రుకలకు కొంచెం కిందగా, గాజు తొడిగినట్టు ఒక ఉబ్బెత్తు గీత ఉంది. ఆకురాయి జారిన గుర్తులేమో అనుకున్నాడు మునియ్య. వెళ్ళేముందు నర్సయ్య పాత ఇనుము కుప్ప దగ్గర కూర్చుని చాలాసేపు కెలికి, ఒక అరిగిన లాడం పైకి తీశాడు.

"గుమ్మానికి కొట్టుకుంటాను కిష్టయ్యా. తీసుకోనా?"

"దానికేముంది, తీసుకో," అన్నాడు కిష్టయ్య, తల ఎత్తకుండానే.

సతేంద్ర కొట్టులో వాళ్ళకు అంత మర్యాద దొరకలేదు. బొద్దుగా, కోపంగా ఉండే మనిషి. "మీరు ఆ చోరుగాడి తరఫునా? చూడండి, కావలసినంత చూడండి భాయీ. గాలివాన దెబ్బ తినని గుర్రం కావాలనే టాబియాది కొన్నాను. లంబాసా వైపు ఆ గాలివాన రానే లేదు. అక్కడి పశువులు ఒక్క పూట కూడా పస్తు లేవు. కిష్టయ్యే చెప్పాడు."

పెరట్లో ఎర్ర గుర్రం నిలబడి ఉంది. నాలుగు గిట్టలూ నల్లగా, నూనె పెట్టిన జుట్టులా మెరుస్తున్నాయి. నర్సయ్య నేల మీద కూర్చుని కుడి వెనక గిట్ట దగ్గర మునియ్య ఇచ్చిన కొలబద్ద పెట్టి చూశాడు. లేచినప్పుడు ఆయన కళ్ళలో వెలుగు మునియ్య కంటపడింది. ఆ వెలుగు అతనికి బాగా తెలుసు.

"ఏం కనిపించింది అన్నా?"

"నీకు కనిపించిందే. పోలీసు ఠాణాకు వెళ్ళి ఇన్‌స్పెక్టర్ దొరను ఇక్కడికి తీసుకురా. మునస్వామిని కూడా తెమ్మను. దుబాసీ నర్సయ్య అడిగాడని చెప్పు, వస్తాడు. దారిలో కిష్టయ్యను కూడా పిలువు. లాడం ఒకటి వదులైందని చెప్పు."

మధ్యాహ్నం మూడు గంటలకు కొట్టు పెరట్లో అందరూ చేరారు. ఇన్‌స్పెక్టర్ దొర విసుగ్గా గొడుగు కింద నిలబడ్డాడు. సెమీసీ అనే ఫిజీ కానిస్టేబుల్ మునస్వామిని బేడీలతో తీసుకొచ్చాడు. కౌశల్య భర్తను చూసి ఒక్క అడుగు ముందుకు వేసి, ఆగిపోయింది. కిష్టయ్య సుత్తీ పట్టకారూ పట్టుకుని వచ్చాడు.

"దొరా," అన్నాడు నర్సయ్య ఇంగ్లీషులో, తర్వాత అందరికీ తెలిసేలా ప్రతి మాటా హిందుస్తానీలోనూ తెలుగులోనూ చెబుతూ, "ఈ గుర్రానికి మాటలు రావు కాని, ఎక్కడ పుట్టెడు కష్టం పడిందో, ఎన్నాళ్ళ కింద ఎవరి కొలిమికి వెళ్ళిందో దాని గిట్టల మీద రాసి ఉంది. గిట్ట మన గోరులాంటిది. పైన వెంట్రుకల దగ్గర పుట్టి కిందకు పెరుగుతుంది. నెలకు అంగుళంలో మూడో వంతు, కొంచెం ఎక్కువ. అందుకే ఆరు వారాలకోసారి లాడం ఊడదీసి, పెరిగిన అర అంగుళం కోసి మళ్ళీ వేయాలి. అవునా కిష్టయ్యా?"

"అవును," అన్నాడు కిష్టయ్య. "చిన్నపిల్లవాడికీ తెలుసు."

"ఈ గుర్రానికి మొదటి లాడం నువ్వే వేశానన్నావు. ఇప్పుడూ అదే మాటా?"

"అదే మాట."

నర్సయ్య చెయ్యి చాపాడు. మునియ్య కొట్టులోంచి తెచ్చిన వేడినీళ్ళ చెంబు అందించాడు. నర్సయ్య కుడి వెనక గిట్ట మీద మెల్లగా పోసి గుడ్డతో రుద్దాడు. నల్లటి జిడ్డు కరిగి నేల మీదకు కారింది. కొవ్వులో కలిపిన మసి అది. అందరూ వంగారు. పైన కొత్త మేకుల మొనలు వరసగా ఉన్నాయి. వాటికి సరిగ్గా అర అంగుళం కింద, ఖాళీ చిల్లులు ఇంకొక వరస బయటపడ్డాయి.

"మేకు ఎరగని గిట్టకు పాత మేకుల చిల్లులు ఎలా వచ్చాయి?" అన్నాడు నర్సయ్య. "రెండు వరసల మధ్య అర అంగుళం. అంటే ఇప్పటి లాడానికి ఆరు వారాల ముందు ఈ గుర్రానికి ఇంకో లాడం పడింది. పది రోజుల కిందినుంచి ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఏప్రిల్ చివరికి చేరతారు."

సతేంద్ర నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ గొడుగు మూసి దగ్గరకు వచ్చాడు.

కిష్టయ్య పెదవులు తడుపుకున్నాడు. "టాబియాలోనే ఎవరో వేసి ఊడదీశారేమో. నేను సరిగా చూడలేదు."

"చూడకుండానే మసి కూరావా? సరే, టాబియా సంగతే చూద్దాం." నర్సయ్య గిట్ట పైభాగం మీద వేలు ఆనించాడు. "ఈ గాజులాంటి గీత చూడండి దొరా. గుర్రం చాలా రోజులు పస్తుంటే గిట్ట పెరుగుదల తడబడుతుంది. ఆ తడబాటు గీతగా మిగిలిపోయి, గిట్టతోపాటు కిందకు దిగుతుంది. మునియ్యా, కొలువు."

మునియ్య కొలబద్ద నిటారుగా పెట్టాడు. "వెంట్రుకల నుంచి అంగుళమున్నర."

"నాలుగు నెలల పెరుగుదల. నాలుగు నెలల కింద ఫిబ్రవరిలో గాలివాన వచ్చి, ఇక్కడి ప్రతి గుర్రమూ మూడు వారాలు మాడింది. దొరా, మీరెక్కి వచ్చిన గుర్రానికీ ఇదే చోట ఇదే గీత ఉంది. వెళ్ళి చూసుకోండి. టాబియాలో ఆ గాలివాన రాలేదు. అక్కడి గుర్రాలకు పస్తు లేదు. ఆ మాట చెప్పే కదూ కిష్టయ్య దీన్ని అమ్మాడు, సతేంద్రా?"

"హా! భగవాన్ కసమ్, అదే మాట చెప్పాడు!" సతేంద్ర ముఖం కందగడ్డలా అయింది.

"కిష్టయ్యా, నీ చేతిపని గొప్పది. చిల్లులు పూడ్చావు, జూలు కోశావు. ఈ గీత మాత్రం నీ కంటికి ఆనలేదు. నాలుగు నెలలుగా నీ ఒళ్ళోకి వచ్చిన ప్రతి గిట్టకూ అది ఉంది. గీత లేని గిట్ట ఎలా ఉంటుందో నువ్వే మరిచిపోయావు."

ఇన్‌స్పెక్టర్ తన గుర్రాన్ని చూసి తిరిగి వచ్చాడు. ముఖంలో విసుగు పోయింది. "ఇది టాబియా గుర్రం కాదు, ఒప్పుకున్నాను. కాని ఇది మునస్వామిదే అనడానికి ఏముంది?"

నర్సయ్య మునస్వామి వైపు తిరిగాడు. "నీ మైనా లాడాల్లో ఏది ముందు అరుగుతుంది?"

మునస్వామి తడుముకోకుండా చెప్పాడు. "కుడి వెనకది బాబూ. బయటివైపు. లోపలి వైపు కొత్తదానిలాగే ఉంటుంది."

నర్సయ్య కోటు జేబులోంచి లాడం తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. బయటివైపు కాగితంలా అరిగి ఉంది. "పొద్దున కిష్టయ్య కొలిమిలో పాత ఇనుము కుప్పలో దొరికింది. తనే ఇచ్చాడు. గిట్ట పక్కన పెట్టి చూడండి."

ఇన్‌స్పెక్టర్ స్వయంగా కూర్చున్నాడు. లాడంలో ఏడు చిల్లులు. గిట్ట మీద బయటపడ్డ పాత వరసలో బయట నాలుగు, లోపల మూడు. ఒక్కొక్కటీ ఎదురెదురుగా కుదిరాయి. కొంచెం వంకరగా కొట్టిన రెండో చిల్లు కూడా తప్పలేదు.

 కిష్టయ్య చేతిలోంచి పట్టకారు జారిపడింది.

"పదకొండేళ్ళు ఇక్కడ కొలిమి ఊదాను," అన్నాడు. "ఉత్త చేతులతో ఊళ్ళో ఎలా దిగను? అందరూ ఏం తెచ్చావంటారు. ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. గుర్రం పోయిందని నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారనుకున్నాను. వీణ్ణి జైలుకు పంపుతారని అనుకోలేదు."

"శుక్రవారం నుంచి తెలుసు నీకు," అంది కౌశల్య. ఆమె గొంతు పైకి లేవలేదు. "పొద్దున నీ కొలిమి ముందునుంచే నడిచి వెళ్ళాను. నన్ను చూశావు. చూసి తల దించుకున్నావు."

 ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. సెమీసీ మునస్వామి బేడీలు విప్పి, ఇంకా వెచ్చగా ఉన్న వాటినే కిష్టయ్య చేతులకు తొడిగాడు.

సతేంద్ర చకచకా వచ్చి మునస్వామి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాఫ్ కరో భాయీ. చోరని పదిమందిలో అన్నాను, పదిమందిలోనే అంటున్నాను, తప్పు నాది. తీసుకుపో నీ గుర్రాన్ని." ఇన్‌స్పెక్టర్ దొర నర్సయ్యతో చెయ్యి కలిపాడు. ఒక గోరా అధికారి ఒక భారతీయుడితో అందరి ముందూ చెయ్యి కలపడం మునియ్య అదే మొదటిసారి చూడటం. ఆ చెయ్యి తనదే అయినంతగా అతని ఛాతీ పొంగింది.

మునస్వామి గుర్రం మెడ మీద ముఖం ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత చప్పున తిరిగి, భార్యను నడుము పట్టి ఎత్తి దాని వీపు మీద కూర్చోబెట్టాడు.

"అయ్యో, నేనెప్పుడూ ఎక్కలేదు! దించు!" అని కౌశల్య కేకలు పెట్టింది.

"పొద్దున్నుంచి నడిచావు. ఇప్పుడు కూర్చో."

దారికి అటూ ఇటూ నిలువెత్తు చెరుకు. కబురు వాళ్ళకంటే ముందే లైన్ల దాకా పోయింది. గుడ్డలు ఉతుకుతున్న ఆడవాళ్ళు, ఊరికే కూర్చున్న మగవాళ్ళు అందరూ దారి మీదకు వచ్చేశారు. "మైనా వచ్చింది! మునస్వామి వచ్చాడు!" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు డోలు తెచ్చాడు. ఎప్పుడూ ఎవరిమీదో ఒకరిమీద కొరడా ఝళిపించే సర్దారు కూడా గట్టు మీద నిలబడి చూస్తున్నాడు కాని, నోరెత్తలేదు.

కౌశల్య మొదట గుర్రం మెడను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. లైన్లు దగ్గరపడే కొద్దీ వీపు నిటారుగా అయింది. కొంగు సర్దుకుంది. సర్దారు ముందునుంచి వెళ్ళేటప్పుడు ఆమె తల దించలేదు, పక్కకు తిప్పలేదు.

వెనక దుమ్ములో నడుస్తూ మునియ్య ఉండబట్టలేక గట్టిగా ఈల వేశాడు. గుర్రం చెవులు రిక్కించి అడుగు పెంచింది. కౌశల్య కెవ్వుమని, వెంటనే పకపకా నవ్వింది. డోలు దరువు హెచ్చింది. ఎప్పుడూ పెదవి చివర నవ్వే నర్సయ్య టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు.